నిక్కరు మీద నవ్విండ్రు, వెనక నిలబడ్డోణ్ణి ఇడిసిపెట్టిండ్రు

ఎడిటర్ గారికి నమస్తే.

పోయిన ఆదివారం మీ పేపర్ల సినిమా పేజీ కింద మూలకు ఒక ముక్క వేసిండ్రు, డెబ్బై ఏండ్ల వయసుల నిక్కరేసుకొని గిటార్ పట్టుకొని గంతులేస్తున్న తాత, ఇగ చాలు తాతా ఇంటికాడ కూసో అని హెడ్డింగు పెట్టి. ఏసీడీసీ అనే ఆస్ట్రేలియా బ్యాండు గురించి. మొత్తం కలిపి ఆరు లైన్లు, అండ్ల మూడు లైన్లు నిక్కరు మీదనే పోయినయ్. ఫోటో కింద ఆంగస్ యంగ్ అని పేరేసిండ్రు గని ఫోటోల ఉన్నది ఆంగస్ కాదు, ఆ టోపీ పెట్టుకున్నాయన పాట పాడే బ్రయాన్ జాన్సన్. నిక్కరు మీద జోకు వేసి ప్యాంటేసుకున్నాయన ఫోటో పెడితే ఎట్ల సార్.

సరే అది చిన్న తప్పే, జరుగుతయ్, నేను గూడ ఒక్కోసారి ఒకరి మోటరుకు ఇంకొకరి పేరు చీటీ కడుత. నాకు బాధైంది ఫోటో గురించి కాదు. యాభై ఏండ్లు దాటిన బ్యాండు ఆపాల్నా వద్దా అనేది వయసు లెక్క చూసి ఆరు లైన్లల్ల తేల్చేసిండ్రు చూడుండ్రి, దాని గురించి.

నేను మోటర్ వైండింగ్ చేస్త. హన్మకొండ చౌరస్త కాడ సందుల షాపు, ముప్పై ఐదేండ్లు అయితుంది. ఫ్యాన్లు, మిక్సీలు, యాసంగి వస్తే బోరు మోటర్లు. వైండింగ్ చేసెటోడు ఇంగ్లీషు రాక్ బ్యాండు మీద ఉత్తరం రాసుడేందని మీకు అనిపియ్యొచ్చు, మా ఇంట్ల గూడ గదే అన్నరు. ఎట్ల తగులుకున్నదో చెప్త.

1992ల చలికాలం. ఆర్‌ఈసీల చదివే పిలగాడొకడు (ఇప్పుడు నిట్ అంటున్నరు, మాకు ఇప్పటికీ ఆర్‌ఈసీయే) టూ ఇన్ వన్ టేప్ రికార్డర్ పట్టుకొని వచ్చిండు, షిల్లాంగ్ దిక్కు పిలగాడు, తెలుగు రాదు, వాని హిందీ నా హిందీ రెండూ అంతంతే. మోటరు తిరుగుతలేదు అన్నడు. ఇప్పి చూస్తే బెల్టు సాగిపోయింది, మోటరు బుష్షుల దుమ్ము పట్టి జాం అయింది, లోపల క్యాసెట్ అట్లనే ఇరికి ఉన్నది. నల్ల అట్ట, బొమ్మ లేదు ఏం లేదు, ఏసీ అని డీసీ అని రాసి నడుమ మెరుపు గుర్తు. నేనేమనుకున్ననంటే, సెట్టు కరెంటు మీద, బ్యాటరీ మీద రెండిట్ల మంచిగ నడుస్తుందా లేదా చూసే టెస్టింగ్ క్యాసెట్ కావచ్చు, కంపెనోళ్లు ఇచ్చి ఉంటరు అనుకున్న. రిపేరు అయినంక అదే పెట్టి నొక్కిన. గంట మోగింది. గుడిగంట కన్న పెద్దది, నిదానంగ, ఒక్కొక్క దెబ్బ. స్పీడు సరిగుందా చూస్తందుకు గంట పెట్టిండ్రు అని నేను చేతి గడియారం చూసుకుంట దెబ్బకు దెబ్బకు మధ్య ఎన్ని సెకన్లో లెక్క పెడుతున్న! అట్ల లెక్క పెడుతుంటెనే కిందికెల్లి గిటార్ లేసింది. ఎదురుంగ చాయ్ హోటలాయన వచ్చి, ఏందిరా షాపుల రైసుమిల్లు పెట్టినవా అన్నడు.

పిలగాడు సాయంత్రం వచ్చిండు. డెబ్బై రూపాయలు అయింది, వాని దగ్గర ముప్పయే ఉన్నయ్, మిగిలిన నలభైకి ఈ క్యాసెట్ పెట్టుకో అన్న, వచ్చే వారం వచ్చి తీస్కపోత అని పోయిండు. మళ్ల రాలే. పరీక్షలో, సెలవులో, ఏమైందో.

ఆ గంట సంగతి నాకు తెలిసింది శానా ఏండ్లకు, ఇంట్ల ఇంటర్నెట్ వచ్చినంక. 1980 ఫిబ్రవరి 19న లండన్‌ల ఆ బ్యాండుకు అంతకుముందు పాడే బాన్ స్కాట్ చనిపోయిండు, 33 ఏండ్లే. అందరు అయిపోయింది అనుకున్నరు. ఐదు నెలలకు, అదే ఏడు జులైల, కొత్త పాటగాణ్ణి పెట్టుకొని ఈ ఆల్బం తెచ్చిండ్రు. ఆ నల్ల అట్ట సంతాపానికట, మొదట మోగే గంట గూడ అందుకే. ఆ కొత్త పాటగాడే బ్రయాన్ జాన్సన్, అప్పుడు ఇంగ్లాండుల కార్ల టాపులకు రెక్సిన్ లాంటిది అతికిచ్చే చిన్న యాపారం చేసుకుంట ఉండె. షాపు నడిపెటోడు గనక ఆయన మీద నాకు మొదటికెల్లి జర ఎక్కువ ప్రేమ, అది ఒప్పుకుంట.

ఇగ పేరు. చానామంది ఏదో దయ్యాల పేరు అనుకుంటరు, మా బామ్మర్ది అయితే ఏసీడీసీ అంటే డీజే సెట్టు పేరనే అనుకున్నడు. అసలు సంగతి ఏందంటే ఆంగస్ వాళ్ల అక్క మార్గరెట్ కుట్టు మిషన్ మీద ఆ అక్షరాలు చూసింది. కుట్టు మిషన్‌కు పెట్టే చిన్న మోటరు, కార్బన్లు ఉండే మోటరు, యూనివర్సల్ మోటరు అంటం మేము, అది ఏసీ ఇచ్చినా తిరుగుతది డీసీ ఇచ్చినా తిరుగుతది. పాతకాలంల కొన్ని ఊర్లల్ల డీసీ కరెంటే వచ్చేది గనక మిషన్ మీద రెండూ రాసేటోళ్లు. మీ ఇంట్ల మిక్సీల ఉన్నది గూడ ఆ జాతి మోటరే. స్కూల్ డ్రెస్సు ఏసుకొమ్మన్నది గూడ ఆ అక్కనే అంట. స్కూలుకెల్లి వచ్చి యూనిఫాం ఇప్పకుంటనే గిటార్ పట్టుకొని కూసునెటోడు, గదే ఏసుకొని స్టేజీ ఎక్కురాదు అని. అంటే మీరు నవ్విన నిక్కరు ఇంటి ఆడబిడ్డ పెట్టింది. మన భాగోతంల మీసాలు తీసేసిన యాభై ఏండ్ల మనిషి సత్యభామ ఏషం కడితే ఎవ్వలన్న ఇంటికాడ కూసో అన్నరా?

ఆ కుటుంబం స్కాట్లాండ్‌ల గ్లాస్గోకెల్లి 1963ల సిడ్నీకి బతకపోయినోళ్లు. మన దిక్కు ముంబై, దుబాయి పోయినట్టే. 1973 చివర్ల అన్నదమ్ములు మాల్కం, ఆంగస్ కలిసి బ్యాండు పెట్టిండ్రు, మొదటి ప్రోగ్రాం డిసెంబర్ 31 రాత్రి. ఇండ్ల చిన్నోడు ఆంగస్, అందరికి కనవడేది ఆయనే. నేను చెప్పేది పెద్దోని గురించి.

మాల్కం యంగ్ ఎక్కడ నిలబడెటోడో పాత వీడియోలల్ల చూడుండ్రి. డ్రమ్ముల పక్కకు, వెనక, బాక్సులకు ఆనుకొని. కోరస్ వచ్చినప్పుడు ముందటికి వచ్చి మైకుల రెండు ముక్కలు పాడి మళ్ల వెనకకు నడిచి అదే జాగల నిలబడతడు. అంతే. ఏ పాట ఎట్ల ఉండాలె, ఎవ్వలు ఉండాలె, ఎవ్వలు పోవాలె, అంత ఆయన చేతిలనే ఉండేదట. ఆయన గిటార్ గురించి నాకు ఇంకో ముచ్చట ఇష్టం, ఇది నా పని గనక చెప్తున్న. గిటార్ల పికప్ అని ఉంటది, తీగ కింద అయస్కాంతం, దాని సుట్టు సన్నటి రాగి తీగ వేల సుట్లు, మేము చుట్టే ఎనామిల్ తీగనే గని వెంట్రుక కన్న సన్నగ. మామూలుగ గిటార్లకు రెండు మూడు పెట్టుకుంటరు. మాల్కం తన పాత గ్రెచ్ కంపెనీ గిటార్‌కు ఉన్నయన్ని పీకేసి బ్రిడ్జి కాడిది, అంటే కింద తీగలు ఆనే పట్టీ కాడిది, ఒక్కటే ఉంచుకున్నడు, పీకేసిన జాగల బొక్కలు అట్లనే కనవడతయ్. మస్తు మందం తీగలు, సౌండు మాత్రం అనుకున్నంత పెంచడు. మీరు ఆ బ్యాండును లొల్లి లొల్లి అంటరు గని చెవి పెట్టి వింటే అండ్ల ఎంత ఖాళీ ఉంటదో తెలుస్తది, దెబ్బకు దెబ్బకు నడుమ ఊపిరి వీల్చుకోవచ్చు. మాల్కం వాయించకుండ ఇడిసిపెట్టిన ఖాళీయే అది.

అసొంటి మనిషికి 2014ల మతిమరుపు రోగం అని బయటవెట్టిండ్రు. అంతకు ముందు 2008 నుంచి చేసిన టూర్లనే మొదలైందట, తను కట్టిన పాటలే తను మళ్ల నేర్చుకొని స్టేజీ ఎక్కిండు.

ఇది చదివినప్పుడు మా ఉస్తాద్ యాదికొచ్చిండు. మట్టెవాడల ఉండేది ఆయన షాపు, నాకు చేతివట్టి పని నేర్పినోడు. ఏ మోటరు తెచ్చినా ఇప్పకముందే ఎన్ని సుట్లో చెప్పెటోడు, కాయితం ముట్టెటోడు కాదు. ఒకరోజు ఇరవై నాలుగు స్లాట్ల స్టేటర్ ముంగట పెట్టుకొని కాయిల్స్ అన్ని దించిండు, మంచిగనే దించిండు, చేయి ఆగలే. కనెక్షన్ కాడికి వచ్చెవరకు తీగల కొసలు ఆరు చేతిల పట్టుకొని అట్లనే కూసున్నడు. నేను చూస్తున్ననని చూసి కొసలు నా చేతిల పెట్టి, జర నువ్వు కలుపు బిడ్డా, చాయ్ తాగొస్త అన్నడు. చాయ్ ముందటనే ఉండె, సగం తాగింది. తర్వాత రెండేండ్లు రోజు షాపుకు వచ్చి కూసునెటోడు, వాళ్ల కొడుకు పాత తీగ ఉండ ఇస్తే ఇప్పుకుంట చుట్టుకుంట.

2017 నవంబర్ 9న మన జనగామ దిక్కు మాణిక్యాపురం ఒగ్గుకథ చుక్క సత్తయ్య గారు పోయిండు. 18న మాల్కం పోయిండు, 64 ఏండ్లు. తొమ్మిది రోజుల తేడా. నాకు ఆ నెల అంత ఈ ఇద్దరు ఒక్కటేసారి తలకెక్కి కూసున్నరు, ఏం సంబంధం అంటే నేను చెప్పలేను గని ఒగ్గుకథ చూసినోళ్లకు తెలుస్తది, కథ చెప్పే ఆయన ముందట ఎంత గంతులేసినా ఎనక డోలు ఒక్క దెబ్బ తప్పితే కథ కూలవడతది. పోయిన సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరల ఒక ఒగ్గు మేళం చూసిన, ముందట ముసలాయన, ఎనక డోలు మీద ఇరవై ఏండ్ల మనుమడు. డోలు ఎప్పుడూ కొట్టే వాళ్ల తమ్ముడు ఆ ఏడే పోయిండట. కథ మంచి జోరు మీద ఉన్నప్పుడు ముసలాయన ఒక్కసారి ఎనకకు మర్రి చూసిండు. మనుమడు దెబ్బ తప్పలేదు, అయినా చూసిండు.

ఇప్పుడు మీరన్న రిటైర్మెంట్ ముచ్చటకొస్త. ఇప్పటి ఏసీడీసీల ఎవ్వలున్నరు? మాల్కం లేడు, ఆయన జాగల అన్న కొడుకు స్టీవీ యంగ్ వాయిస్తుండు. అన్న కొడుకు అంటే పోరడు కాదు, బాబాయి ఆంగస్ కన్న ఏడాది ఎనిమిది నెలలు చిన్న, అంతే. 1988ల మాల్కం తాగుడు మాన్పిచ్చుకోను పోయినప్పుడు గూడ ఈయననే నిలబడ్డడు. బాస్ వాయించే క్లిఫ్ విలియమ్స్ 2016ల దిగిపోయిండు, ఒక ఆల్బంకు మళ్ల వచ్చిండు, ఇప్పటి టూర్లకు వస్తలేడు. డ్రమ్ముల మీద గూడ వేరే మనిషి. బ్రయాన్‌కు 2016ల చెవులు పోయే కాడికి వచ్చినయ్, ఇంకా పాడితే పూర్తిగ వినవడదని డాక్టర్లు చెప్తే ఆ టూరు మిగిలిన షోలు వేరే ఆయనతోని పాడిపిచ్చిండ్రు. తర్వాత చెవిల పెట్టుకునే కొత్త రకం మిషన్లు వచ్చి మళ్ల ఎక్కిండు. అంటే మొదటి రోజు నిలబడ్డోళ్లల్ల మిగిలింది ఆంగస్ ఒక్కడే. కార్బన్లు అరిగితే మారుస్తం, బేరింగులు మారుస్తం, ఆర్మేచర్ కాలితే గూడ చుట్టి ఇస్తం, గిరాకీకి అది వాళ్ల నాయిన కొన్న మోటరే. ఎన్ని మార్చినంక అది వేరే మోటరు అయితదో నన్నడిగితే నేను బిల్లు రాసిస్త గని జవాబు చెప్పలేను.

నా చెల్లె కొడుకు మెల్‌బోర్న్‌ల ఉంటడు. 2025 నవంబర్ 12న క్రికెట్ గ్రౌండ్ల, అదే మనం పొద్దుగాల లేచి బాక్సింగ్ డే మ్యాచులు చూస్తం గద ఆ ఎంసీజీల, వీళ్ల ప్రోగ్రాం ఉంటే పోయి నాకు వీడియో కాల్ చేసిండు. మన దగ్గర అప్పటికి ఇంకా పగలే. పరకాలకెల్లి ఒకాయన బోరు మోటరు దించి, కాలింది పటేలా ఎప్పుడిస్తవ్ అని నిలబడ్డడు. ఫోన్ల చప్పుడంత గరగర, బొమ్మ ఆగుకుంట వస్తుంది, మా అల్లుడు మామా వినవడుతుందా వినవడుతుందా అని మొత్తుకుంటుండు. అంతల గంట మోగింది. పరకాలాయన అటిటు చూసి, ఎవ్వలు పోయిండ్రే అన్నడు. మన ఊర్లల్ల శవం ముంగట గంట కొడతరు గద, ఆయనకు అదే తట్టింది. నేను ఏమనలే. నలభై ఐదేండ్ల కింద పోయినోని గురించే కొడుతున్నరు అని ఆయనకు ఎట్ల చెప్పాలె, మోటరు శుక్రారం ఇస్త అని చెప్పి పంపిన. తర్వాత ఆ వీడియోలు మంచిగ పంపిండు, ఒకదాండ్ల ఆంగస్ ఒంటి కాలు మీద ఎగురుకుంట వచ్చి సోలో కొడుతుంటే నడుమ ఒకసారి ఎనకకు మర్రి స్టీవీ నిలబడ్డ జాగ దిక్కు చూస్తడు. మళ్ల మళ్ల పెట్టుకొని చూసిన అది.

మంచిగ లేనిది గూడ చెప్త, లేకపోతే ఈయన భజన చేస్తుండు అంటరు. పాటలు ఇప్పుడు నెమ్మది అయినయ్. బ్రయాన్ గొంతు పై మెట్టుకు పోతలేదు, కొన్ని ముక్కలు జనానికే ఇడిసిపెడుతుండు. నా షాపుకు యాంప్ల గుయ్యిమని చప్పుడు వస్తుందని నిట్ అమ్మాయొకామె వస్తది, గిటార్ కొడతది, ఆమెను అడిగితే, అంకుల్ వాళ్లు స్లో అయినంకనే నాకు వాళ్లతోని కలిపి వాయించ వస్తుంది, ఇంకో ఐదేండ్లు ఆపొద్దని చెప్పుండ్రి అన్నది. మా దోస్తు ఒకడు కాజీపేటల గూడ్సు రైలు నడిపి రిటైర్ అయిండు, వాడు ఉల్టా. అరవై దాటితే మమ్ముల ఇంజన్ ఎక్కనియ్యరు, అంతకుముందు గూడ కండ్లు చెవులు చెక్ చేసి గని ఎక్కనియ్యరు, చెవులు పోతయని డాక్టరు చెప్పినంక గూడ ఎక్కుడేందిరా, పైసల కోసం కాకపోతే అంటడు. వాడు చెప్పిన దాండ్ల నిజం లేదని నేను అనలేను. పెద్ద స్టేడియం టికెట్ల రేట్లు చూస్తే మా ఇంటి నెల ఖర్చు అండ్ల రెండుసార్లు వెళ్లొచ్చు. అయితే గూడ్సు బండి ఆగకపోతే జనం పోతరు, గొంతు ఒక మెట్టు తగ్గితే ఎవ్వలకు ఏమైతది.

దిగిపోయే పద్ధతులు గూడ తీరొక్కటి ఉన్నయ్. స్కార్పియన్స్ అని జర్మనీ బ్యాండు 2010ల ఇదే ఆఖరి అని చెప్పి టూరు మొదలువెట్టిండ్రు, ఇప్పటికీ వాయిస్తనే ఉన్నరు. కిస్ అనేటోళ్లు 2000ల ఒకసారి వీడ్కోలు అన్నరు, 2019ల మళ్ల వీడ్కోలు మొదలువెట్టి 2023 డిసెంబర్ల ముగించి, ఇగ మా బదులు కంప్యూటర్ బొమ్మలు ఆడతయ్ అన్నరు, నాకైతే రోత అనిపిచ్చింది. ఏరోస్మిత్ పాటగానికి గొంతుల దెబ్బ తగిలి 2024ల టూర్లు బంద్ పెట్టిండ్రు. ఓజీ ఆస్బర్న్ 2025 జులై 5న సొంత ఊరు బర్మింగ్‌హామ్‌ల కుర్చీల కూసొని పాడి, 22న కన్నుమూసిండు, అది మాత్రం చూసి ఏడ్చిన.

ఏసీడీసీ ఇవన్ని ఏం చెప్పలే. ఆఖరి టూరు అని ఒక్క పోస్టర్ మీద గూడ రాయలే, 2026కు దక్షిణ అమెరికా షోలు గూడ పెట్టుకున్నరు. నేను అడిగేది గదే, ఆఖరి అని చెప్పి అమ్ముకోకుండ్రి, ఒకరోజు వాయించి ఇంటికి పోయి మళ్ల రాకపోతే అయిపాయె. మా ఉస్తాద్ గూడ ఏ రోజు షాపు బంద్ అని చెప్పలే. ఆంగస్‌కు ఆపాలనిపిస్తే ఆపుతడు, దానికి నిక్కరుతోని, డెబ్బైతోని పని లేదు. ఆపకపోతే గూడ నాకు ఓకే. నా లెక్కల ఆ బ్యాండుల రిటైర్ కావాల్సినోడు 2014ల అయిండు, ఆ రోజు మీ పేపర్ల ఒక్క లైను గూడ రాలే, నేను రోజు చదువుత గనక నాకు తెలుసు.

మీరు దిద్దుబాటు వేస్తే ఫోటో కింద పేరు మార్చుండ్రి చాలు. జాగ ఉంటే మాల్కం ఫోటో ఒకటి వేయుండ్రి, ముందట కాదు, ఎనక నిలబడ్డది.

ఇంకొక్కటి. ఆ షిల్లాంగ్ పిలగానికి ఇప్పుడు యాభై దాటి ఉంటయ్, తెలుగు పేపర్ ఆయన చదవడు, ఆయనతోని చదివినోళ్లు ఎవ్వలన్న చదివితే చెప్పుండ్రి. క్యాసెట్ నా దగ్గరనే ఉన్నది. టేపు రెండు జాగల తెగితే అతికిచ్చిన, గంట కాడ జర ఆగి మోగుతది. నలభై రూపాయలు అక్కర లేదు.

ఒక మోటర్ వైండింగ్ మెకానిక్,
హన్మకొండ